వెల్డింగ్ సీటు వద్దు, కంపెనీ సీటు దాకా మనిషిని చేర్చండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలంల ఒక ఊరు. బాపుకు 74 ఏండ్లు. రెండేండ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయి. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తడు, అంతకు మించితే వీల్‌చైరే. అమ్మకు 69. ఆమె పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము, మోకాళ్లు బిగుసుకపోయినయి, మెడ తిరగదు. నెలకోసారి నల్లగొండ పెద్ద దవాఖానకు, మూడు నెలలకోసారి హైదరాబాద్ నిమ్స్‌కు ఇద్దరినీ తీసుకపోవాలె. అందుకే పాత వ్యాను ఒకటి బేరం చేసిన. నడిమి వరుస సీటు పీకేసి, రేకు మీద నుంచి బాపు వీల్‌చైర్‌ను లోపలికి తోసి, తాళ్లతో కట్టుకుందమనుకుంటున్న. వెనక ఒక బెంచీ వేయిస్తే వాడకట్టులో ఇద్దరు ముగ్గురు ముసలోళ్లు కూడా వస్తరు, డీజిల్ పైసలు పంచుకుంటరు. వెల్డింగ్ షాపాయన అన్నీ చేసిస్త అంటున్నడు. చేయించుమంటరా?

సమాధానం: వద్దు. బయానా ఇంకా ఇయ్యకుంటే ఒక వారం ఆగండి. మీ ఆలోచనలో తల్లిదండ్రుల మీద ప్రేమ ఉంది. కానీ తాళ్లతో కట్టిన వీల్‌చైర్, వెల్డింగ్ చేసిన బెంచీ రెండూ బండి సాఫీగా పోయినంతసేపే నిలబడతాయి. గట్టిగా బ్రేకు పడినా, ఎదురుగా ఏదైనా తగిలినా ముందు విడిపోయేవి అవే.

వీల్‌చైర్ సంగతి చూద్దాం. దవాఖానల్లో, మందుల షాపుల్లో దొరికే మడత కుర్చీ మనిషిని నేల మీద నడిపించడానికి చేసింది, బండిలో సీటు లాగా వాడడానికి కాదు. బండిలో కూర్చోబెట్టి తీసుకపోవడానికి పనికొచ్చే వీల్‌చైర్లు వేరే ఉంటాయి. వాటిని ఐఎస్ఓ 7176 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని 19వ భాగం ప్రకారం పరీక్షిస్తారు. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి గుద్దుకున్నట్టు కుదిపితే, కుర్చీ మీద భూమ్యాకర్షణకు 20 రెట్ల దాకా ఒత్తిడి పడుతుంది. మీ బాపు 60 కిలోలు, కుర్చీ 18 కిలోలు అనుకోండి. ఆ క్షణంలో తాళ్ల మీద పడే లాగుడు ఒకటిన్నర టన్నులు. ప్లాస్టిక్ తాడు తెగకపోయినా కుర్చీ గొట్టం వంగుతుంది, మడత దగ్గర విరుగుతుంది. చక్రాలకు ఉండే బ్రేకును అసలు లెక్కలోకే తీసుకోవద్దు, అది ఇంట్లో కుర్చీ జరగకుండా ఉండడానికే.

పద్ధతి ప్రకారం వీల్‌చైర్‌ను బండిలో నిలపాలంటే కుర్చీ ముఖం బండి పోయే దిక్కుకే ఉండాలి, పక్కకు కాదు. ముందు రెండు, వెనక రెండు పట్టీలు కుర్చీ ఫ్రేముకు తగిలి నేలలోని పట్టాలకు బిగియాలి. మనిషికి వేరుగా మూడు కొసల సీటు బెల్టు ఉండాలి. అది కుర్చీకి కాదు, బండి బాడీకి బిగించింది కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగతావి పనిచేయవు. ఇక రేకు లెక్క. బండి నేల 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 120 సెంటీమీటర్ల రేకు దాదాపు 20 డిగ్రీల వాలుతో నిలబడుతుంది. ఆ వాలులో మనిషితో సహా కుర్చీని తోస్తే వెనక్కి మీ మీదికే పడుతుంది.

బెంచీ ఇంకా ప్రమాదం. వ్యాను నేల పలుచటి రేకు. కంపెనీ వాళ్లు సీటు పెట్టే చోట ఆ రేకు కింద మందపాటి పట్టీ వేసి, దానికి బోల్టు బిగిస్తారు. సీటు బెల్టు బోల్టును ఒకసారి దగ్గర నుంచి చూడండి. మామూలు బోల్టు కాదు, 7/16 అంగుళాల సన్నమర బోల్టు, తల మీద బలం చెప్పే అంకెలు ఉంటాయి. కార్ల తరగతి బండ్లకు పెట్టే అంతర్జాతీయ పరీక్షలో నడుము బెల్టును, భుజం బెల్టును ఒక్కోదాన్ని సుమారు 1,350 కిలోల బలంతో ఒకేసారి లాగి, బోల్టు ఊడిరాదని తేలాకే సరే అంటారు. షాపులో కోణం ఇనుముతో చేసి పలుచటి రేకుకు అతికించిన బెంచీ కొత్తలో ఎంత ఊపినా కదలదు. గుద్దుడు పడితే మాత్రం వెల్డింగ్ ఊడదు, దాని చుట్టూ ఉన్న రేకే కాగితం లాగా చిరుగుతుంది. పైగా వెల్డింగ్ వేడికి నేల కింద పోయే డీజిల్ గొట్టం, వైర్లు కాలొచ్చు. బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె, ఇంజిన్ కంప్యూటర్ చెడిపోయే ప్రమాదం ఉంది.

చట్టం కూడా ఇదే చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సిలో రాసినదానికి తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అంగవైకల్యం ఉన్నవాళ్ల కోసం బండిని మార్చుకోవడానికి చట్టంలో దారి ఉంది. అయితే ముందు ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, పని అయ్యాక ఆర్‌సిలో ఎక్కించుకోవాలి. అమర్చే సామానుకు పుణెలోని ఏఆర్ఏఐ లాంటి, బండ్లను పరీక్షించే సంస్థ ఇచ్చిన నివేదిక ఉందా అని అడగండి. 'మేం చాలా బండ్లకు చేసినం' అన్న మాట ఆ కాగితానికి బదులు కాదు.

డీజిల్ పైసల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. తెల్ల నంబరు ప్లేటు బండిలో వాడకట్టు పెద్దలను ఊరికే ఎక్కించుకుంటే మంచిపనే. పైసలు చేతులు మారితే అది కిరాయి లెక్కలోకి పోయే ప్రమాదముంది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పినట్టు తేలితే 192ఏ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. రోగిని, గాయపడ్డవారిని అత్యవసరంగా తీసుకపోతే ఆ సెక్షన్ వర్తించదు, కానీ ఏడు రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. ప్రతి నెలా తారీకు చూసుకొని పోయే చెకప్ అత్యవసరం కిందికి రాదు. అంతకన్నా పెద్ద చిక్కు బీమాతో. కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే కంపెనీ క్లెయిమును అడ్డుకుంటుంది, ఆ పెద్దమనుషుల కుటుంబాలకు మీరే జవాబు చెప్పాల్సి వస్తుంది. బండి సొంతానికే వాడినా థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకోవద్దు. అందులో మీ కారులో కూర్చున్నవాళ్లకు రక్షణ ఉండదు. ప్యాకేజీ పాలసీ తీసుకోండి, ప్రయాణికులకు వ్యక్తిగత ప్రమాద బీమా కూడా కలుపుకోండి.

మరి ఏం చేయాలి? కంపెనీ బిగించిన, ముందుకు చూసే, మూడు కొసల బెల్టు ఉన్న సీట్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టండి. వీల్‌చైర్‌ను మడిచి వెనక పెట్టండి. మీరు ఖర్చు పెట్టాల్సిందీ, బుర్ర పెట్టాల్సిందీ నేల నుంచి ఆ సీటు దాకా మనిషిని ఎట్లా చేర్చాలన్న దాని మీదనే.

దానికి ఒక టేపు చాలు. ఇంట్లో బాపు వీల్‌చైర్ సీటు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మామూలుగా 48 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటుంది. తర్వాత మీరు బేరం చేసిన వ్యానులో తలుపు పక్కన సీటు అంచు నేల నుంచి ఎంత ఎత్తు ఉందో చూడండి. రెండింటికీ తేడా 5 నుంచి 10 సెంటీమీటర్ల లోపు ఉంటే ఒక్కరు తోడుంటే జరిపి కూర్చోబెట్టొచ్చు. 20 దాటితే ప్రతిసారీ ఇద్దరు మనుషులు ఆయన్ను ఎత్తాలి. దవాఖానకు పోయిన ప్రతిసారీ రానూపోనూ లెక్కేస్తే ఏడాది తిరిగేసరికి మీ నడుము పోతుంది. వ్యాన్లలో చాలావాటికి సీటు ఎత్తుగానే ఉంటుంది. వాడకట్టోళ్ల కోసం వ్యాను అనుకున్నారు గానీ, మీ ఇద్దరు పెద్దవాళ్లకు కప్పు ఎత్తుగా ఉండి సీటు 55 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న చిన్న కారే ఎక్కువ సుఖం. కారులోకి ఎక్కడమంటే వంగి గుంతలోకి దిగినట్టు ఉండొద్దు, గోడ ఎక్కినట్టూ ఉండొద్దు. ఇంట్లో మంచం అంచున కూర్చున్నట్టు ఉండాలి.

బాపును వెనక ఎడమ తలుపు నుంచే ఎక్కించండి. దానికి కారణం ఉంది. వీల్‌చైర్‌ను ఎడమ తలుపు పక్కన బండితో పాటు ముందుకు చూసేట్టు, కొంచెం ఏటవాలుగా పెడితే సీటు ఆయన కుడి పక్కకు వస్తుంది. ఆయన బలమున్న పక్క కుడి. ఆ చేత్తో పట్టుకొని, ఆ కాలు మీద బరువు వేసి సీటు మీదికి జరుగుతాడు. దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది, పడిపోయిన ఎడమ పక్కకు రావాలి. అందుకే దిగేటప్పుడు ఇద్దరుండాలి, దవాఖాన ముందర హడావుడి ఉన్నా తొందరపెట్టొద్దు. వీల్‌చైర్ బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలను పక్కకు మడవండి. ఎక్కేటప్పుడు ముందు పిర్రలు సీటు మీదికి, తర్వాత తల వంచి లోపలికి, చివరన ఒక్కో కాలు. ముందు కాలు పెట్టి ఎక్కించబోతే ఒంటికాలి మీద తిరగాల్సి వస్తుంది, పడేది అక్కడే.

పట్టుకునేటప్పుడు చంకలో చెయ్యి వేసి లాగొద్దు, ఎడమ చెయ్యి పట్టుకొని అసలే లాగొద్దు. పక్షవాతం వచ్చిన భుజంలో కండ వదులై ఉంటుంది, కీలు జారుతుంది. నడుముకు వెడల్పాటి గుడ్డ బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. తలుపు వేసేముందు ఎడమ చెయ్యి ఆయన ఒళ్లో ఉందో లేదో కళ్లతో చూసుకోండి. ఆ చేతికి స్పర్శ తక్కువైతే తలుపులో నలిగినా ఆయనకు వెంటనే తెలియదు.

ఎత్తు సరిపోతే జరగడానికి ఒక పలక చేయించుకోవచ్చు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 65 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, రెండు కొసలూ వాలుగా చెక్కి, నున్నగా పాలిష్ పెట్టమనండి. వడ్రంగికి గంట పని. దీంతో బండికి మేకు కూడా కొట్టక్కర లేదు, ఆర్టీఏ అనుమతీ అక్కర లేదు.

అమ్మ విషయం వేరు. ఫ్లోరైడ్‌తో బిగిసిన వెన్నుకు, మోకాళ్లకు వంగే గుణం ఉండదు. వెన్నెముక కీళ్ల చుట్టూ ఉండే పట్టీలు ఎముకల్లా గట్టిపడతాయి, కొందరికి వెన్నుపాము మీద ఒత్తిడి కూడా ఉంటుంది. వాళ్లను బలవంతంగా వంచి తల లోపలికి తోయడం, 'కొంచెం వంగమ్మా' అని మెడ మీద చెయ్యి వేయడం చేయొద్దు. ఆమెకు ముందు ఎడమ సీటు ఇవ్వండి. ఎందుకంటే అది వెనక్కి జరుగుతుంది, వంగని మోకాలికి చోటు దొరుకుతుంది. పూర్తిగా వెనక్కి జరిపాకే ఎక్కించండి, ప్రయాణంలో కూడా అక్కడే ఉంచండి. ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంటే దూరం ఎంత ఉంటే అంత మేలు. సీటు మీద ముందే ఒక నున్నటి పాలిథిన్ కవరు పరిస్తే కూర్చున్నాక సులువుగా తిరుగుతుంది. తిరగగానే ఆ కవరు తీసేయండి. ఇది మరిచిపోతే మంచి చేయబోయి చెడు చేసినట్టే. నున్నటి కవరు మీద కూర్చున్న మనిషి గట్టి బ్రేకు పడగానే బెల్టు కింది నుంచి ముందుకు జారిపోతుంది, నడుము బెల్టు పొట్టలోకి దిగుతుంది. గుండ్రంగా తిరిగే దిండ్లు అమ్ముతున్నారు, వాటికీ ఇదే మాట. తిరిగాక తీసి పక్కన పెట్టాలి. మెత్తటి దూది దిండు వేసి కూర్చోబెట్టడం కూడా ఇంతే ప్రమాదం.

అమ్మ ఎక్కడానికి మెట్టు కావాలంటే కర్రతోనో, ఇనుముతోనో వేరుగా ఒక పీట చేయించండి. 15 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 35 లోతు ఉండాలి. పైన గరుకు రబ్బరు, నాలుగు కాళ్లకు రబ్బరు బుషులు. అడుగు అంచుకు పసుపు రంగు పట్టీ అంటించండి, చూపు తగ్గినవాళ్లకు అదే ఆధారం. ప్లాస్టిక్ స్టూలు వాడొద్దు, అంచు మీద కాలు పడితే తిరగబడుతుంది. తలుపు కొక్కెంలో పెట్టుకునే చేతి పట్టు దొరుకుతుంది, ఆగి ఉన్న బండిలో అది పనికొస్తుంది. తలుపు వేసేముందు తీయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉండే స్తంభానికి మాత్రం మేకులు కొట్టి పట్టుకొమ్ము బిగించొద్దు.

బెల్టు పెట్టడంలో పెద్దవాళ్ల దగ్గర జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే, పొట్ట మీద పెట్టడం. కింది పట్టీ తుంటి ఎముకల మీద, తొడలు మొదలయ్యే చోట ఆనాలి. చీర కుచ్చిళ్లు, కొంగు, శాలువా మీద నుంచి పెడితే నాలుగు వేళ్ల సందు మిగులుతుంది, అది జారడానికి చాలు. కొంగును పక్కకు తీసి, కుచ్చిళ్లను చేత్తో చదును చేసి, దాని మీద పట్టీని బిగించి, తర్వాత కొంగు పైన వేసుకోనివ్వండి. పై పట్టీ భుజం మధ్య నుంచి రావాలి. మెడకు కోసుకుంటుందని చంక కింద నుంచి పెడితే పక్కటెముకలు విరుగుతాయి. స్తంభం మీద పట్టీ ఎత్తు మార్చే మీట ఉంటే కిందికి దించండి. లేకుంటే సీటు మార్చి చూడండి. సీటు తలాన్పు (హెడ్‌రెస్ట్) కూడా సరిచేయండి, దాని పై అంచు కనీసం చెవుల ఎత్తుకు రావాలి. మెడ తిరగని మనిషికి వెనక నుంచి బండి తగిలితే కాపాడేది అదొక్కటే. బాపు బెల్టు కొక్కెం ఆయన కుడి పక్కకే వస్తుంది, బాగున్న చేత్తో ఆయనే విప్పుకోగలడు. వాడకట్టులో గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్లు ఉంటే, అది ఎక్కువమందికి ఎడమ పక్క ఉంటుంది. వాళ్లను డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెడితే బెల్టు కుడి భుజం మీద నుంచి వస్తుంది. డయాలసిస్ ఫిస్టులా ఉన్న చేతి మీద పట్టీ ఒత్తొద్దు. మూత్రం సంచీ ఉంటే బెల్టు దాని గొట్టాన్ని నొక్కకుండా, సంచీ ఎప్పుడూ నడుము కంటే కిందుగా ఉండేట్టు చూడండి. వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పనిసరే. పెట్టుకోనివాళ్లను ఎక్కించుకున్నందుకు 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా డ్రైవర్‌కే పడుతుంది.

మడిచిన వీల్‌చైర్‌ను వెనక ఊరికే నిలబెట్టొద్దు. ఇందాక చెప్పిన లెక్క దానికీ వర్తిస్తుంది, 18 కిలోల ఇనుము గుద్దుడులో 360 కిలోల బలంతో ముందు తల మీదికి వస్తుంది. వెనక సీటు వీపుకు ఆనించి, పడుకోబెట్టి, లారీలకు వాడే రాచెట్ పట్టీలు రెండింటితో కంపెనీ కొక్కేలకు బిగించండి. ఆక్సిజన్ సిలిండర్ కూడా అట్లాగే, మూత దెబ్బ తగలకుండా చూడండి.

కిరాయికి తీసుకపోయే రోజుల్లో ఎదురెదురు బెంచీలుండే తుఫాన్ లాంటి బండిని ఒప్పుకోవద్దు. పక్కకు చూస్తూ కూర్చున్న మనిషిని ఏ బెల్టూ సరిగ్గా పట్టుకోలేదు.

పాత బండి ఏదైనా కొనేముందు ఆర్‌సిలో రాసిన సీట్ల సంఖ్య, లోపల ఉన్న సీట్లు ఒకటేనా లెక్కపెట్టండి. సీట్ల కాళ్ల దగ్గర మ్యాటు ఎత్తి తుప్పు, కొత్త పెయింటు, వెల్డింగ్ గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ప్రతి బెల్టునూ ఒక్క ఉదుటున లాగండి, పట్టుకోవాలి. మెల్లగా వదిలితే మొత్తం లోపలికి పోవాలి. ఎండకు వెలిసి, అంచు పీచు లేచిన బెల్టును కుట్టించొద్దు, కంపెనీ షోరూంలో కొత్తది వేయించండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం. టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పనికిరాదు. జారే తలుపైతే వాలులో నిలిపి తెరిచి చూడండి, కొక్కెం పట్టకుండా తిరిగి మూసుకొస్తే ఎక్కుతున్న మనిషి కాలు నలుగుతుంది.

ఎండాకాలం తెల్లవారుజామునే బయలుదేరండి. బండిని ఎండలో నిలిపితే బెల్టు కొక్కెం కాలుతుంది, స్పర్శ లేని పక్క బొబ్బ వచ్చినా బాపుకు తెలియదు. ముందు మీ చేత్తో ముట్టి చూశాకే పెట్టండి. హైదరాబాద్ తొవ్వలో గంటకోసారి ఆపి కాళ్లు ఆడించండి. ఒకటికి రావాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. 'పంతంగి టోల్ దగ్గర ఆపుత, తాగు' అని ముందే చెబితే తాగుతారు. హైవే మీద ఏమన్నా అయితే 1033, అంబులెన్స్‌కు 108. ఈ రెండు నంబర్లూ, ఇద్దరి మందుల చీటీ ఒక కాగితం మీద రాసి సన్ వైజర్‌కు అంటించండి, బండి నడిపేది మీరొక్కరే కాకపోవచ్చు.

ఇప్పుడు ఆ వ్యాను దగ్గరికి టేపుతో పాటు అమ్మను, బాపును కూడా తీసుకపోండి. అమ్మేవాళ్లు ఏమన్నా అనుకోనీ, ఇద్దరినీ రెండేసి సార్లు ఎక్కించి దించండి. రెండోసారి ఎక్కేటప్పుడు అమ్మ మొహం చూడండి. ఆమె పళ్లు బిగబట్టి ఎక్కుతుంటే ధర ఎంత తగ్గించినా ఆ బండి మీకు కాదు.